పరాయి భాషలో పాసుమార్కులు

భాష ఎవరిది? పుట్టుకతో అబ్బినవాడిదా, కష్టపడి నేర్చుకున్నవాడిదా? ఆస్తి విషయంలో మన పెద్దలు ఏనాడో రెండు మాటలు ఏర్పరచారు: పిత్రార్జితం, స్వార్జితం. ఒకదాని మీద హక్కు పుట్టుకతో వస్తుంది, రెండోదాని మీద చెమటోడిస్తే వస్తుంది. చట్టం రెండింటినీ ఆస్తిగానే గుర్తిస్తుంది. భాష దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పిత్రార్జితమైన భాషకు ఎవరూ పరీక్ష పెట్టరు. స్వార్జితమైన భాషకు పరీక్ష తప్పదు. ఇది న్యాయమేనా అన్న ప్రశ్న చాలాకాలంగా నా మనసులో ఉంది.

ఊరికే గాలిలో తర్కించడం కంటే ఒక ఉదాహరణను పట్టుకుని ఆలోచించడం మేలు. ఏటా డిసెంబరు నెల మొదటి ఆదివారం నాడు చెన్నై, బెంగుళూరు, పుణె, ముంబై వంటి నగరాల్లో ఒక పరీక్ష జరుగుతుంది. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష అని దాని పేరు. ఈ నగరాల పేర్లు చదవగానే మీకు తట్టే ఉంటుంది, ఇవన్నీ మనవాళ్ళు తరతరాలుగా కాపురాలుంటున్న ఊళ్ళే. ఆ పరీక్ష హాళ్ళలో కూర్చున్నవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తప్పక ఉంటారు. ఇంజనీరింగు చదివినవారు, సాఫ్ట్‌వేరు కంపెనీల్లో పనిచేసేవారు, నర్సింగు చదివి విదేశం వెళ్ళాలనుకునేవారు. వాళ్ళు రాసే పరీక్ష గురించి ఆలోచిస్తే మన సంగతి కూడా కొంత తెలిసివస్తుంది.

ముందు ఆ పరీక్ష స్వరూపం చూద్దాం. జపాన్ ఫౌండేషన్, జపాన్‌లోని మరో విద్యాసంస్థ కలిసి 1984లో దీన్ని మొదలుపెట్టాయి. మొదటి ఏడు 15 దేశాల్లో సుమారు 7,000 మంది రాశారు. 2019 నాటికి ఏడాదికి రాసేవారి సంఖ్య 10 లక్షలు దాటింది. మొదట్లో నాలుగు అంతస్తులుండేవి. 2010లో పరీక్షను సంస్కరించి ఐదు చేశారు. ఎన్-5 అన్నిటికంటే తేలిక, ఎన్-1 అన్నిటికంటే కఠినం. ఎన్-1లో మొత్తం 180 మార్కులకు 100 తెచ్చుకోవాలి. అంతటితో సరిపోదు. భాషాజ్ఞానం, పఠనం, శ్రవణం అని మూడు భాగాలుంటాయి. ప్రతి భాగంలోనూ 60కి 19కి తగ్గకూడదు. చదవడంలో 60కి 60 వచ్చినా వినడంలో 18 వస్తే తప్పినట్టే. మా లెక్కల భాషలో చెప్పాలంటే, ఒక ఖాతాలోని మిగులును ఇంకో ఖాతాలోని లోటుకు సర్దుబాటు చేయనివ్వరు.

జపనీస్ రాయడానికి మూడు రకాల లిపులు కావాలి. హిరగానా, కతకానా అనేవి ఒక్కొక్కటి 46 మూలాక్షరాలతో మన వర్ణమాలలాగే ధ్వనిని చెబుతాయి. మూడోది చైనా నుంచి వచ్చిన కాంజీ. జపాన్ ప్రభుత్వం నిత్యవ్యవహారానికి అవసరమని నిర్ణయించిన కాంజీ గుర్తులు 2010 నాటి జాబితా ప్రకారం 2,136. ఒక్కో గుర్తుకు రెండు మూడు ఉచ్చారణలుండటం మామూలే. ముప్పై ఏళ్ళ వయసులో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు ఈ గుర్తులను దిద్దుకునే మనిషి పడే శ్రమ చిన్నది కాదు.

అయితే తెలుగువాడికి ఇందులో ఒక ఊరట ఉంది. జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది. విభక్తి నామానికి వెనక అతుక్కుంటుంది. "రేపు చెన్నైకి వెళ్తాను అని చెప్పాడు" అనే వాక్యాన్ని జపనీస్‌లో "అషితా చెన్నై ని ఇకు తో ఇత్త" అనవచ్చు. మన "కి" ఉన్నచోట వాళ్ళ "ని", మన "అని" ఉన్నచోట వాళ్ళ "తో". మాటల వరస మార్చక్కరలేదు. ఇంకా ముచ్చటైనది ఒకటుంది. ఏదైనా పని ప్రయత్నించమనడానికి మనం "చేసి చూడు" అంటాం. వాళ్ళు "షితె మిరు" అంటారు. "షితె" అంటే చేసి, "మిరు" అంటే చూడటం. ముందుగా ఒక పని పూర్తిచేసి ఉంచడాన్ని మనం "చేసి పెట్టడం" అంటాం. వాళ్ళది "షితె ఒకు", ఆ "ఒకు" అంటే పెట్టడమే. ఈ పోలికలను బట్టి రెండు భాషలూ అక్కచెల్లెళ్ళనుకోనక్కరలేదు. జపాన్ పండితుడు సుసుము ఓనో తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందని వాదించాడు గాని, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా పోలిక పోలికే. ఇంగ్లీషు మీదుగా జపనీస్ నేర్చుకునే పిల్లవాడు ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేసుకోవాలి. తెలుగు మీదుగా వెళ్ళేవాడికి ఆ బాధ లేదు. ప్రశ్నపత్రంలో ఎక్కడా మార్కులు లేని ఒక పెట్టుబడిని మన పిల్లలు ఇంటి నుంచి తీసుకెళ్తున్నారు. ఆ సంగతి వాళ్ళలో ఎందరికి తెలుసో!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పరీక్ష ఎవరు రాయవచ్చు? వయోపరిమితి లేదు. ఫలానా డిగ్రీ ఉండాలని లేదు. ఒకే ఒక్క షరతు: జపనీస్ మాతృభాష కాకూడదు. జపాన్ పౌరసత్వం ఉన్నా, జపనీస్ మాతృభాష కానివారైతే రాయవచ్చు. అంటే పాస్‌పోర్టును బట్టి కాదు, రక్తాన్ని బట్టీ కాదు, మాతృభాషను బట్టి గీత గీశారు. గీత స్పష్టంగానే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అంత స్పష్టంగా ఉండదు. మాతృభాష అంటే ఏమిటి? తల్లి మాట్లాడినదా, తాను మొదట మాట్లాడినదా, ఇప్పుడు ఎక్కువగా మాట్లాడేదా, జనాభా లెక్కల ఉద్యోగి వచ్చినప్పుడు రాయించేదా? హోసూరులోనో రాజపాళయంలోనో బళ్ళారిలోనో బరంపురంలోనో షోలాపూరులోనో ఉన్న మన కుటుంబాల్లో ఈ నాలుగు ప్రశ్నలకూ నాలుగు వేరువేరు జవాబులు రావడం వింత కాదు.

పరీక్ష ఏం అడుగుతుందన్నది ఇంకో ప్రశ్న. అడిగేవన్నీ ఇచ్చిన జవాబుల్లోంచి ఒకదాన్ని ఎంచుకునే ప్రశ్నలే. యంత్రం దిద్దుతుంది. చదివి గ్రహించగలవా, విని గ్రహించగలవా అని చూస్తారు. నోరు విప్పి మాట్లాడమని గాని, సొంతంగా పది వాక్యాలు రాయమని గాని అడగరు. ఎన్-1 చేతిలో ఉన్న మనిషి ఒక్క ఉత్తరం కూడా రాసి ఉండకపోవచ్చు. భాషలో పుచ్చుకోవడం ఒక సగం, ఇవ్వడం ఇంకో సగం. ఈ పరీక్ష పుచ్చుకోవడాన్నే కొలుస్తుంది. "మేం చెప్పేది నీకు అర్థమవుతుందా?" అని అడుగుతుంది. "నువ్వు మాకు చెప్పవలసింది ఏమైనా ఉందా?" అని అడగదు.

దీన్ని తప్పుపట్టడం తేలిక. ఏడాదికి 10 లక్షల మంది చేత మాట్లాడించి, రాయించి, ఒకే కొలతతో తూచాలంటే ఎంత ఖర్చవుతుంది? ఆ రుసుం ఎవరు భరించగలరు? దిద్దేవాడి అభిరుచి, ఆనాటి అతని మనఃస్థితి మార్కుల్లో కలవకుండా ఎలా ఆపగలం? యంత్రానికి ముఖం చూసి బొట్టు పెట్టే అలవాటు లేదు. బెంగుళూరు అమ్మాయికీ బ్రెజిల్ అబ్బాయికీ అది ఒకే తూకం వేస్తుంది. తన చుట్టాలెవరూ జపాన్‌లో లేని, సిఫారసు చేసే పెద్దమనిషి ఎవరూ తెలియని ఒక బీదింటి పిల్లకు ఆ యంత్రమే పెద్ద దిక్కు. పరీక్షలను వెక్కిరించేవారు ఈ మాట మరవకూడదు. పరీక్ష లేనిచోట న్యాయం ఉంటుందనుకోవడం పొరపాటు, అక్కడ ఉండేది పలుకుబడి.

ఇక్కడ నా వృత్తి నుంచి ఒక పోలిక చెప్పవచ్చు. ఆడిటర్ ఒక సంస్థ పద్దులన్నీ పేజీ పేజీ తిరగేయడు. కొన్ని ఎంచుకుని పరిశీలించి, మొత్తం మీద లెక్కలు నిజాయితీగా ఉన్నాయని సంతకం చేస్తాడు. ఆ సంతకం ఎవరి కోసం? యజమాని కోసం కాదు, అతనికి తన వ్యాపారం సంగతి తెలుసు. అప్పు ఇచ్చే బ్యాంకు కోసం, వాటా కొనే పరాయివాడి కోసం. ధ్రువపత్రమనేది ఎప్పుడూ అపరిచితుల మధ్య నమ్మకానికి వేసే వంతెన. భాషా ధ్రువపత్రం కూడా అంతే. ఒసాకాలోని కంపెనీ మేనేజరు చెన్నైలోని అమ్మాయిని ఎరగడు. ఎన్-2 అన్న రెండక్షరాలు ఆ ఎరగనితనాన్ని కొంత తగ్గిస్తాయి. జపాన్ ప్రభుత్వం కూడా ఆ అక్షరాలకు విలువ కట్టింది. ఉన్నత నైపుణ్యం గల విదేశీయులకు 2012లో పెట్టిన పాయింట్ల పద్ధతిలో ఎన్-1కు 15 పాయింట్లు వస్తాయి. 2019లో వచ్చిన నిర్దిష్ట నైపుణ్య వీసాకు ఎన్-4 స్థాయి రుజువు కావాలి. ఆ వీసా విషయమై మన దేశం కూడా 2021 జనవరిలో జపాన్‌తో ఒప్పందం చేసుకుంది.

అపరిచితుల మధ్య పరీక్ష ధర్మబద్ధమే అనుకుందాం. అయితే ఎక్కడ అధర్మమవుతుంది? రెండు సందర్భాలు చూడండి.

మొదటిది నర్సులది. జపాన్‌లో ముసలివారు పెరిగి, సేవచేసే చేతులు తగ్గాయి. ఆర్థిక ఒప్పందాల కింద 2008లో ఇండొనేషియా నుంచి, 2009లో ఫిలిప్పీన్స్ నుంచి నర్సు అభ్యర్థులను రప్పించారు. వాళ్ళు సొంతదేశంలో నర్సులుగా అర్హత, అనుభవం ఉన్నవారే. జపాన్‌లో నర్సుగా నిలవాలంటే ఆ దేశపు జాతీయ నర్సింగు పరీక్షను జపనీస్‌లోనే రాయాలన్నారు. ఇది నేను చెబుతున్న సామర్థ్య పరీక్ష కాదు, వేరు. 2009లో 82 మంది రాస్తే ఒక్కరూ పాసు కాలేదు. 2010లో 254 మంది రాస్తే ముగ్గురు పాసయ్యారు. వాళ్ళకు వైద్యం తెలియక కాదు, ప్రశ్న చదవలేక. మంచం పట్టిన రోగి ఒంటిమీద పడే పుండ్లను జపాన్‌లో జనం "తోకోజురె" అంటారు. పరీక్షలో మాత్రం "జోకుసో" అనే మాటను, జపనీయులకే కష్టమనిపించే కాంజీలో ఇచ్చేవారు. ఆ పుండుకు మందు రాయడం తెలిసిన చెయ్యి దాని పేరు దగ్గర ఆగిపోయింది.

ఇందులో జపాన్ వైపు వాదం లేకపోలేదు. నర్సు రోగి చార్టు చదవాలి. ఒక్క మాట తప్పు చదివితే ప్రాణం పోవచ్చు. కాబట్టి భాష రావాలనడం తప్పు కాదు. అడగవలసిన భాషను కాక ఇంకో భాషను అడగటం తప్పు. మంచం మీది ముసలమ్మ మాట్లాడే భాష ఒకటి, ప్రశ్నపత్రం భాష ఇంకొకటి. ఆ తేడా వాళ్ళకూ తెలిసివచ్చింది. తరవాతి సంవత్సరాల్లో కఠినపదాలను సరళం చేశారు, కాంజీల పక్కన ఉచ్చారణ ఇచ్చారు, వ్యాధుల పేర్లు ఇంగ్లీషులో కూడా చేర్చారు, విదేశీ అభ్యర్థులకు సమయం పెంచారు. దీన్నిబట్టి ఒక సూత్రం తీయవచ్చు. పరీక్ష ఏ పని కోసం పెట్టారో ఆ పని నుంచే దాని ప్రశ్నలు రావాలి. అలా కానప్పుడు అది కొలత కాదు, కంచె.

రెండో సందర్భం మనకు ఇంకా దగ్గరిది. 1908లో కసాతో మారు అనే ఓడ 781 మంది జపాన్ వలసకూలీలను కోబె రేవు నుంచి బ్రెజిల్‌లోని సాంతోస్‌కు చేర్చింది. కాఫీ తోటల్లో పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వెనక్కి రావాలనుకున్నారు. ఎక్కువమంది రాలేదు. అక్కడే వేళ్ళూనారు. ఎనభై రెండేళ్ళ తరవాత, 1990లో జపాన్ తన వలస చట్టం మార్చింది. కార్ఖానాలకు మనుషులు కావాలి. బయటివారిని రానిచ్చే మనసు లేదు. అందుకని వలసవెళ్ళినవారి కొడుకులకు, మనవలకు దీర్ఘకాలం ఉండటానికి అనుమతి ఇచ్చింది. రక్తం ఒకటే కనుక ఇమిడిపోతారన్నది ఆశ. వచ్చినవారి ముఖాలు జపాన్‌వి. ఇంటిపేర్లూ జపాన్‌వే. నోటిమాట మాత్రం పోర్చుగీసు. తాతలనాటి దేశంలో వాళ్ళు విదేశీయులయ్యారు. 2009లో ఆర్థికమాంద్యం వచ్చి పనులు పోయినప్పుడు, అదే ప్రభుత్వం మనిషికి 3 లక్షల యెన్‌లు దారిఖర్చు ఇచ్చి, అదే హోదాతో ఇప్పట్లో తిరిగి రాకూడదన్న షరతుతో వెనక్కి పంపింది. తరవాత 2018లో నాలుగో తరంవారికి ఒక పథకం పెట్టారు. ఈసారి రక్తం ఒక్కటే చాలదు, భాష వచ్చిన రుజువు కూడా చూపాలన్నారు. ఆ రుజువుల్లో ఈ సామర్థ్య పరీక్ష ఒకటి.

ఆ నాలుగో తరం కుర్రవాణ్ణి ఊహించండి. ముత్తాత లాలిపాటలు పాడించుకున్న భాషలో, పరాయివాళ్ళ వరసలో కూర్చుని, సరైన జవాబు దగ్గర సున్నాను పెన్సిలుతో నింపుతున్నాడు. పిత్రార్జితం చేజారిపోయింది, దాన్నే స్వార్జితంగా మళ్ళీ సంపాదించుకోవాలి. ఇది అవమానమా? మొదట్లో నాకు అవమానమే అనిపించేది. ఆలోచించిన కొద్దీ అభిప్రాయం కొంత మారింది. 1990లో రక్తాన్ని చూసి పిలిచినవారు, 2009లో రక్తాన్ని లెక్కచేయకుండానే పంపేశారు. భాషను అడిగిన 2018 షరతు కఠినమే గాని, ఒక విధంగా నిజాయితీ గలది. రక్తం మనిషి చేతిలో లేదు. భాష ఉంది. మనిషి తన ప్రయత్నంతో అందుకోగల దాన్ని అడగటం, అందుకోలేని దాన్ని అడగటం కంటే మర్యాద.

అలా అందుకున్నవారు ఎంతదూరం వెళ్ళగలరో జపనీస్ సాహిత్యంలోనే సాక్ష్యం ఉంది. చైనాలోని హర్బిన్‌లో 1964లో పుట్టిన యాంగ్ యి 1987లో జపాన్ వెళ్ళింది. భాష అక్కడికి వెళ్ళాకే నేర్చుకుంది. 2008లో ఆమె నవలికకు అకుతగవా బహుమతి వచ్చింది. జపనీస్ మాతృభాష కాని రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 2021లో తైవాన్‌లో పుట్టిన లి కొతోమికి కూడా వచ్చింది. వీళ్ళు ఆ భాషకు పాసుమార్కులు చూపించి ఊరుకోలేదు. దానిలో అంతకుముందు లేనిది ఒకటి తెచ్చి పెట్టారు.

మనకు ఇంత దూరం వెళ్ళవలసిన పని లేదు. తెలుగుకూ పరాయివాళ్ళు పరీక్ష రాసిన కాలం ఒకటుంది. కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పడానికి మద్రాసులో 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టారు. 1817లో వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో పరీక్ష పాసై కడప వెళ్ళాడు. ఆ పరీక్ష పాసైన దొరలు ఇంకా ఎందరో ఉంటారు. వాళ్ళ పేర్లు మనకు గుర్తులేవు. బ్రౌన్ పేరు గుర్తుంది. ఎందుకంటే అతను పరీక్ష దగ్గర ఆగలేదు. పండితులను పోషించి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. పరీక్ష అతన్ని తెలుగు వాకిలి వరకు తెచ్చింది. లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది అతనే. ఈ వరస తిరగేసి చూస్తే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు కనిపిస్తారు. తెలుగువాడై ఉండి సవరల భాష నేర్చుకున్నారు. ఆయనకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఇచ్చేవారూ లేరు. సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలన్న పట్టుదలే ఆయన అర్హత. పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు.

ఇక మన దగ్గరకు వద్దాం. మనలో రెండు రకాలవాళ్ళున్నారు. విజయనగర, నాయకరాజుల కాలంలోనో, ఆ తరవాత మగ్గాల పనికో, మిల్లులకో ఊరు విడిచి వెళ్ళినవారు ఒక రకం. తాము కదలకుండానే సరిహద్దు కదిలిపోయినవారు ఇంకో రకం. 1936లో పర్లాకిమిడి, 1953లో బళ్ళారి, ఇలా. రెండు రకాలవారికీ తెలుగు పిత్రార్జితమే. దాన్ని ఎవరూ కాదనలేదు. మొదటి తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం కూడా రాష్ట్రాలకు చెబుతోంది. కాని పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఇంట్లో ఉన్న భాషను ఎవరూ పరీక్షించరు గనుక ఎవరూ పట్టించుకోరు. పదహారేళ్ళ పిల్ల రాత్రి పదింటివరకు కాంజీలు దిద్దుతుంది. ఆ పిల్లకు తెలుగులో ఒత్తులు రావు. ఆ పిల్లను తప్పుపట్టడం నాకిష్టం లేదు. జపాన్ ఆ పిల్లను ఒక ప్రశ్న అడిగింది: "మా మాట నీకు ఎంతవరకు వచ్చు?" మనం ఎప్పుడైనా అడిగామా? అడగటంలో ఒక గౌరవం ఉంది. ఎవరూ అడగని భాష విలువలేనిదని పిల్లలు అనుకుంటే అందులో వాళ్ళ తప్పెంత?

అయితే మనకూ ఒక పరీక్ష పెట్టిస్తే సరిపోతుందా? నాకు అనుమానమే. మా బ్యాంకుల్లో రాజభాష నియమాల కింద ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ్ అని మూడు మెట్ల హిందీ పరీక్షలున్నాయి. మూడూ పాసై, కౌంటరు ముందుకొచ్చిన హిందీ ఖాతాదారుతో రెండు మాటలు మాట్లాడలేనివారు మా ఉద్యోగుల్లో కొత్త కాదు. పరీక్ష అపరిచితుల కోసమని ముందే అనుకున్నాం. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళను ధ్రువపత్రం అడిగితే అది అనుబంధాన్ని లావాదేవీ చేసినట్టే. పైగా, తూకం ఎవరి చేతిలో పెడతాం? విజయవాడ పత్రికల భాషను ప్రమాణంగా పెడితే, కన్నడమో తమిళమో ఒడియానో కలిసిన మన ఇళ్ళ తెలుగు మొదటి ప్రశ్నకే తప్పుతుంది. నర్సులకు జరిగిన అన్యాయమే మనకూ జరుగుతుంది. మందు రాయడం తెలిసిన చెయ్యి పేరు దగ్గర ఆగిపోతుంది.

జపనీస్ పరీక్షలోని ఒక నియమం మాత్రం మనం అరువు తెచ్చుకోదగినది. ప్రతి భాగంలోనూ కనీసపు మార్కులుండాలన్న నియమం. మన కుటుంబాలకు దాన్ని వర్తింపజేసి చూడండి. అవ్వకు సామెతలు, శాస్త్రాలు, పొడుపుకథలు, పెళ్ళిపాటలు నోటికి వచ్చు. అక్షరం రాదు. శ్రవణంలో 60కి 60, పఠనంలో సున్నా. తండ్రికి మాట్లాడటం వచ్చు, కూడబలుక్కుని చదవగలడు. మనవడికి వినడం వచ్చు, బదులు చెప్పేది ఇంగ్లీషులోనో తమిళంలోనో. ఆ పరీక్ష లెక్కన ముగ్గురూ తప్పుతారు. కాని ముగ్గురూ ఒకచోట కూర్చుంటే ఆ ఇంట్లో తెలుగు పూర్తిగా ఉంది! పరీక్ష ఒక్కొక్క మనిషినీ విడదీసి కొలుస్తుంది. భాష మాత్రం మనుషుల మధ్య ఉంటుంది. కాబట్టి మనం వేసుకోవలసిన ప్రశ్న "నాకు తెలుగు వచ్చా?" అన్నది కాదు. "మా ఇంట్లో ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి చేరుతోందా?" అన్నది. ఉమ్మడి ఖాతాలో ఒకరు వేస్తే ఇంకొకరు తీసుకోవచ్చు. ఎవరూ వేయక, ఎవరూ తీయక పడి ఉన్న ఖాతా కొన్నాళ్ళకు నిద్రాణ ఖాతా అవుతుంది. డబ్బు అక్కడే ఉంటుంది, కాని మళ్ళీ కాగితాలన్నీ పట్టుకువచ్చి రుజువులు చూపితేగాని చేతికి రాదు. బ్రెజిల్ కుర్రవాడు చేస్తున్నది అదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెబుతాను. పుట్టుక భాష మీద హక్కు ఇస్తుంది, కాని ఆ హక్కు దానంతట అది నిలబడదు. శ్రమ కూడా హక్కు ఇస్తుంది, కాని ఆ హక్కు పరీక్ష ఫలితంతో పూర్తి కాదు. ఎన్-1 పత్రానికి గడువు తేదీ లేదు. ఇచ్చాక జీవితాంతం చెల్లుతుంది. అది పత్రం సంగతి, దాన్ని పట్టుకున్న మనిషి సంగతి వేరు. వాడకపోతే పదేళ్ళలో సగం మరచిపోతాడు. మాతృభాషకు గడువు లేదనుకునే మనం కూడా అదే భ్రమలో ఉన్నాం. బ్యాంకులో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ముప్పై ఏళ్ళు సేవచేసి సంపాదించుకున్న హక్కే అయినా ఏడాదికొకసారి మనిషి ఉన్నాడని తెలియాలి. అందులో అవమానమేమీ లేదని వాళ్ళే నవ్వుతూ అంటారు.

పరాయి భాషకు పరీక్ష రాసే పిల్లలను మెచ్చుకుందాం. వాళ్ళు ఒక జాతిని అర్థం చేసుకోవడానికి ఏళ్ళు ఖర్చుపెడుతున్నారు, అది ఏ లెక్కన చూసినా మంచిపనే. దాంతోపాటు వాళ్ళకు ఒక మాట చెబుదాం: "చేసి చూడు" అన్న పలుకుబడి ఆ భాషలో అంత తొందరగా నీకు పట్టుబడిందంటే, అది ముందే మీ అవ్వ నోట విన్నావు గనుక. ఆ పిల్ల ఈసారి సెలవులకు వచ్చినప్పుడు అవ్వ పక్కన కూర్చోబెట్టి, ఒక సామెత చెప్పించుకుని, తెలుగు అక్షరాల్లో రాయమందాం. ఒత్తు తప్పుపోతే దిద్దుదాం. మార్కులు వేయనక్కరలేదు.